‘మన అమ్మ’ శీర్షిక కింద

పేర్లు సరిచేశాడట. అంకెల జోలికి పోలేదట, లెక్కలు ముట్టుకోలేదట, ఉత్త పేర్లు మాత్రం సరిచేశాడట. మొకోలా ఎత్తు మీద కదలక మెదలక నిలబడిపోయిన మైక్రా టాక్సీ వెనక సీట్లో, ఒళ్ళో పొగచేపల బుట్ట పెట్టుకున్న ఒక భారీ ఆవిడకీ లోపలినుంచి తెరుచుకోని తలుపుకీ మధ్య నలుగుతూ, అరినోలా ఆ మాటనే పళ్ళ మధ్య పెట్టుకుని నములుతోంది. సరిచేయడం! ఉద్యోగమంతా కోర్టు రిజిస్ట్రారుగా ఇబాడాన్‌లో కనబడినవాళ్ళందరి పేర్లూ సరిచేశాడు, అయినా ఆ చేతి దురద తీరలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక సరిచేయడానికి ఇంకేమీ మిగల్లేదు కాబోలు, అమ్మ ఊపిరి మీదికి వచ్చాడు. ఫోనులో ఎంత తీరిగ్గా చెప్పాడు, కూరలో ఉప్పు చాల్లేదని చెప్పినట్టు. “మీ అమ్మ గదిలో కూడా కరెంటు పోయింది చెల్లాయ్. గాలి మిషను ఆగింది. చిన్న సిలిండరు తగిలించాం గానీ అందులో ఎంతుందో తెలియడం లేదు. నువ్వొస్తే బాగుంటుంది.” నువ్వొస్తే బాగుంటుంది! ఇంటి కరెంటు ఫైలు ఎవరన్నా ముట్టుకున్నారా అన్నయ్యా అని ఆమె అడిగింది, అడుగుతూనే మిల్లు మెట్లు దిగుతోంది. “ముట్టుకోవడమేంటి? నిన్న పేర్లు సరిచేశాను, అంతే. ఒకటి రెండు మూడు ఏంటమ్మా అది, మనుషులకి నంబర్లేస్తారా ఎక్కడన్నా? మనింట్లో అలాంటి భేదాలు లేవు. అందరికీ ఒకటే పెట్టాను, ఇయా వా అని.” ఇయా వా. మన అమ్మ. అంతే, లైను తెగిపోయింది. అప్పట్నుంచి ఆమె చేస్తూనే ఉంది, అటు మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు.

మన అమ్మ. ఎవరి అమ్మ, ఏ అమ్మ? తండ్రి ముగ్గుర్ని చేసుకుంటే ఆ వాకిట్లో మన అమ్మ అన్న మాటకి అర్థమేంటి? బోడిజాలో ఆమె పనిచేసే కోళ్ళ దాణా మిల్లులో యంత్రాలకి ఏది ఎంత కలపాలో చెప్పే ఫైలు ఆమె రాసిందే. కోడిపిల్లలకి ఒక శీర్షిక, గుడ్ల కోళ్ళకి ఒక శీర్షిక, మాంసం కోళ్ళకి ఒకటి, ఒక్కోటీ చదరపు బ్రాకెట్ల మధ్య, దాని కింద వరుసలు. మొక్కజొన్న ఇంత, సోయా ఇంత, సున్నం ఇంత. సున్నం అన్న వరుస ప్రతి శీర్షిక కిందా ఉంటుంది, పేరు అదే, అంకె వేరు. గుడ్ల కోడికి వేసే సున్నం కోడిపిల్లకి వేస్తే మూత్రపిండాలు చెడి గంపలకి గంపలు చస్తాయి. అందుకని ఆ ఫైలు చదివే చిన్న ప్రోగ్రాముని, షెల్ స్క్రిప్టుని, సున్నం ఎక్కడుందో వెతకమనకూడదు. ముందు శీర్షిక పట్టుకోమనాలి, దాని కిందికి దిగమనాలి, అక్కడున్న సున్నం చదవమనాలి, తర్వాతి బ్రాకెట్ కనబడగానే నోరు మూసుకుని బయటికి వచ్చేయమనాలి. మిల్లులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమె ముందు చెప్పేది ఇదే. శీర్షిక చూడకుండా మొదట దొరికిన వరుస లాక్కొచ్చేవాడిని అందరి ముందూ దులిపేస్తుంది, అందుకే వాళ్ళు చాటుగా ఆమెని బ్రాకెట్ ఆంటీ అంటారు, అననీ. బ్రాకెట్లు ఊరికే పెట్టలేదు నాయనా, ఎవరి తిండి వాళ్ళకి పోవడానికి పెట్టారు.

ఇంటికీ అదే పద్ధతి పెట్టింది. ఎందుకు పెట్టింది, బుద్ధి లేక పెట్టింది. కప్పు మీద సోలారు పలకలు, మెట్ల కింద గదిలో బ్యాటరీలు, వాటి పక్కన అరచేతిలో పట్టే కంప్యూటరు, అందులో మూడు శీర్షికల ఫైలు. ఒకటి పెద్దమ్మ వాటా, రెండు నడిపమ్మ వాటా, మూడు అమ్మది. ప్రతి శీర్షిక కిందా పా అని ఒక వరుస. యోరుబాలో పా అంటే ఆర్పడం, చంపడం కూడా అదే మాట, దీపానికీ మనిషికీ వేరువేరు మాటలెందుకనుకున్నారో ఏమో పూర్వీకులు. ఎండ లేక బ్యాటరీలు దిగిపోతున్నప్పుడు ఎవరి లైను ఎక్కడ ఆర్పాలో ఆ వరుస చెబుతుంది. పెద్దమ్మకి సగం దగ్గర, నడిపమ్మకీ సగం దగ్గర, వాళ్ళకి పోయేది ఫ్రిజ్జులూ టీవీలూ. అమ్మ శీర్షిక కింద మాత్రం ఒకటే మాట రాసింది, రారా. తెలుగు చెవికి అది పిలుపులా వినబడుతుంది గానీ ఇక్కడ రారా అంటే వద్దు, కానే కాదు, చచ్చినా కాదు. పా, రారా. ఆర్పకు, ఎట్టి పరిస్థితిలోనూ ఆర్పకు. అమ్మ ముక్కుకి గాలి పంపే మిషను ఆ లైను మీదే ఉంది.

శీర్షిక దొరక్కపోతే తన ఫోనుకి మెసేజి కొట్టమని స్క్రిప్టులో రాసి పెట్టింది, ఇంత జాగ్రత్త మనిషి. మెసేజి రాలేదు. అంటే శీర్షిక దొరికింది. అంటే మహానుభావుడు ఫైల్లో పేర్లు మార్చి ఊరుకోలేదు, స్క్రిప్టులో కూడా ఎక్కడెక్కడ ఒకటీ రెండూ మూడూ ఉన్నాయో వెతికి వెతికి మార్చాడు. కోర్టు బుద్ధి, ఒక కాగితంలో పేరు మారిస్తే దానికి జతచేసిన కాగితాలన్నిటిలోనూ మారాలి. ఇప్పుడది ఏం చేస్తుంది పాపం? మన అమ్మ లైను ఎక్కడ ఆర్పాలి అని మూడుసార్లు అడుగుతుంది, మూడుసార్లూ పైనుంచి మొదట కనబడిన మన అమ్మ దగ్గర ఆగిపోతుంది, ఆగిపొమ్మని తనే రాసింది మరి, ఒక పేరు ఒక్కరికే ఉంటుందన్న ధైర్యంతో. వాకిట్లో నిలబడి అమ్మా అని కేకేస్తే ముందుగా ఊ అనేది ఎవరు, పెద్దావిడే కదా. మూడుసార్లు కేకేసినా ఆవిడే ఊ అంటుంది. నా లైను సగం దగ్గర ఆర్పండి, నాకేం ఫరవాలేదు, ఫ్రిజ్జే కదా. జూలై మబ్బుకి మధ్యాహ్నానికల్లా బ్యాటరీలు సగానికి దిగాయి. ఆర్పేసింది. పా.

తలుపుని మోకాలితో గట్టిగా తన్నింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. “ఏంటమ్మగారూ, తన్నితే బండి ఎగురుతుందనా? అలా ఎగిరేదైతే నేనెప్పుడో ఇంటికెళ్ళి అమాలా తిని పడుకునేవాణ్ణి.” ముందు సీట్లో ఒకరి మీద ఒకరు కూర్చున్న ఇద్దరు మగవాళ్ళూ నవ్వారు. నవ్వండి. లారీ ఏదో అడ్డం తిరిగిందట ముందు, డ్రైవరుకీ ట్రాఫిక్ వాడికీ మాటా మాటా పెరిగిందట, జనం దిగి తీర్పులు చెబుతున్నారట. ఈ ఊళ్ళో అందరూ జడ్జీలే.

ఇయావో. నిన్నటిదాకా అదే పిలుపు. ఇయావో అంటే పెళ్ళికూతురు, ఇంటి కోడలు, మన తర్వాత ఈ గడప తొక్కిన ఆడది. తనకంటే ముందు ఆ ఇంట్లో పుట్టినవాళ్ళని కోడలు పేరు పెట్టి పిలవకూడదు, వాడు చీమిడి ముక్కుతో తిరిగే వెధవైనా సరే. అమ్మ మూడో భార్యగా వచ్చేనాటికి పెద్దమ్మ కొడుకు ఓయెవూమికి, అంటే ఈ అన్నయ్యకి, పలకా బలపం వచ్చాయి, అమ్మకి వాడి పేరు నోటికి రాకూడదు, అందుకని ముద్దుపేరు వెతుక్కుంది. పలక చంకలో పెట్టుకుని తిరిగేవాడు గనక ఆకోవే అంది, రాతగాడు. ఆ పేరే అంటుకుంది. బళ్ళో అదే, కోర్టులో అదే, ఇవాళ వీధిలో ఎవరినడిగినా ఆకోవే గారిల్లే. అంత గొప్ప పేరు ఇచ్చినందుకు ఆయన తిరిగి ఇచ్చిందేంటి? ఇయావో, నా చొక్కా ఉతికావా. ఇయావో, చారు చల్లారింది. ముగ్గురు మనవళ్ళని ఎత్తాక కూడా ఇయావో. జుట్టు తెల్లబడిన పెళ్ళికూతురు! గట్టిగా అంటే మరీ మర్యాదగా, మీ అమ్మ. ఇవాళ ఫోనులో కూడా మీ అమ్మే అన్నాడు, అన్నాడు కదా, మీ అమ్మ గదిలో అనే కదా అన్నది. నోటికి మీ అమ్మ, ఫైల్లో మన అమ్మ. మిషను నోటి మాట వినదు అన్నయ్యా, రాసింది చదువుతుంది.

చేపల వాసన. పొగలో మాడ్చిన చేప, పచ్చి కట్టెల పొగ. ఆ బుట్టలోంచి పాత వంటిల్లు మొత్తం లేచి వచ్చి ఆమె మొహం మీద కూర్చుంది. ఆ వంట మాత్రం మూడో ఇంటి పని. అక్కడ నంబర్లు ఉండేవి, అబ్బో, ఎంత స్పష్టంగా ఉండేవో. చిన్న భార్య వచ్చింది గనక పెద్దావిడ పొయ్యి దగ్గర కూర్చోనక్కర్లేదు, నడిపావిడకి బజార్లో బట్టల కొట్టుంది, కాబట్టి ఆ కొంపలో ఉన్నన్ని నోళ్ళకీ చిన్నావిడే వండాలి. పైన రేకు, కిటికీ లేని గోడలు, నూనె మరిగి మరిగి గోడలు నల్లగా జిగటగా ఉండేవి. సాయంత్రం అమ్మ బయటికి వస్తే కళ్ళు చింతనిప్పులు. కూతుర్ని ఎత్తుకుంటే కూతురి జుట్టంతా పొగ. ఆ వాసనే అమ్మ వాసన అనుకుని పెరిగింది. ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు ఊపిరితిత్తుల ఫిల్ము వెలుగులో పెట్టి ఈవిడ ఎన్నాళ్ళు సిగరెట్లు తాగింది అని అడిగితే అరినోలా పగలబడి నవ్వింది, నవ్వి నవ్వి బల్ల పట్టుకుంది, డాక్టరు నర్సుని పిలిచాడు. సిగరెట్లా! మా నాన్న కుటుంబం మొత్తాన్నీ తాగింది నాయనా, పొద్దున్నా సాయంత్రం తాగింది.

ఇలేయా పండక్కి పొట్టేలు కోస్తే తొడ ఎవరికి, ఛాతీ ఎవరికి, మెడ ఎవరికి, అప్పుడు ఇళ్ళు మూడు. మెడ మూడో ఇంటికి. మెడ కూర రుచి వేరే అనేది అమ్మ, ఎముకలు పీలుస్తూ, నిజంగానే నమ్మినట్టు. నాన్న పోయాక అచ్చువేయించిన క్యాలెండరు, ఇప్పటికీ సగం ఇబాడాన్ గోడల మీద ఉంటుంది, నడిమధ్య నాన్న, పక్కన పెద్దమ్మ పూలకుర్చీలో, ఇటు నడిపమ్మ, అమ్మ ఎక్కడో అంచున, ఆవిడ సగం భుజం మీద అచ్చాఫీసు వాడి ఫోను నంబరు. అదేంటని అడిగితే ఇదే ఆకోవే అన్నాడు, చోటు చాల్లేదు చెల్లాయ్, అయినా మనలో మనకి భేదాలేంటి అని. ఎప్పుడు చోటు చాలకపోతే అప్పుడు భేదాలుండవు. ఆస్తి పంచినప్పుడు మళ్ళీ ఉన్నాయి. తలల చొప్పున కాదు, తల్లి వేరు చొప్పున పంచాలి, ఏ తల్లి పిల్లలు ఆ వేరు, మన ఆచారం అది అని అందరికీ చదివి వినిపించింది ఎవరు? రిజిస్ట్రారుగారే. ఊళ్ళోవాళ్ళ పంపకాలన్నీ తల్లుల పేర్లు పైన రాసి, గీత గీసి, కింద పిల్లల్ని రాసిన మనిషి. శీర్షిక అంటే ఏంటో ఆయనకి తెలియదా? ఆమె కంటే ముందు తెలుసు, ఆమె కంటే బాగా తెలుసు. తెలిసి తెలిసి, చుట్టాల ముందు పెద్దమనిషి అనిపించుకోవడానికి, మా ఇంట్లో అందరూ మన అమ్మలే! ప్రేమ పొంగిపోయింది. ఇన్నేళ్ళ ప్రేమా ఒక్కసారే తన్నుకొచ్చి నేరుగా అమ్మ లైను మీద పడింది.

మళ్ళీ చేసింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తడు. ఏం చేస్తున్నాడు, నిద్రా? నడిపమ్మ కూతురి పురుడికి లాగోస్ వెళ్ళింది, కోడళ్ళు ఉద్యోగాలకి, పిల్లలు బళ్ళకి, ఇంట్లో మిగిలింది ఆయనా పెద్దమ్మా. పెద్దమ్మకి చేసింది. ఆవిడ ఎత్తింది, ఎత్తడమే పాట మొదలుపెట్టింది. “ఎవరూ, అరినోలానా? పనిలో ఉన్నావా తల్లీ, పని బాగుందా?” బాగుంది పెద్దమ్మా, అమ్మ... “మీ ఆయన బాగున్నాడా?” బాగున్నాడు, పెద్దమ్మా, అమ్మకి ఎలా... “పిల్లలు? పెద్దాడి పరీక్షలయ్యాయా?” అయ్యాయి, అయ్యాయి. పెద్దవాళ్ళు కుశలం అడుగుతుంటే మధ్యలో నరికే పొగరు ఇంకా ఈ ఊళ్ళో ఎవరికీ రాలేదు, పెద్దలకి మోకరిల్లి జవాబు చెప్పే అలవాటుకి సీట్లో ఇరుక్కునే ఉన్నా మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి, దాంతో ఒళ్ళు ఇంకా మండింది. అటు ఊపిరాగుతుంటే ఇటు వాన పడిందా అని అడుగుతోందీవిడ. చివరికి గొంతు పెంచింది. “పెద్దమ్మా! అమ్మ ఎలా ఉంది?”

“ఎవరు, ఇయావోనా? ఇదిగో పక్కనే ఉన్నా. కళ్ళు మూసుకుంది. నిద్రో ఏమో.”

“ఛాతీ కదులుతోందా? చూడు పెద్దమ్మా, చేయి పెట్టి చూడు.”

“ఏంటీ? వినబడ్డం లేదే.”

“అన్నయ్య ఏడీ? అన్నయ్యకివ్వు ఫోను!”

“ఆకోవేనా? కింద ఉన్నాడు. ఇందాకట్నుంచీ కిందే, పిలిస్తే పలుకుతాడు గానీ కదలడు. నేను మెట్లు దిగలేను తల్లీ, నీకు తెలుసుగా నా మోకాళ్ళు. జాగ్రత్తగా రా.” పెట్టేసింది.

కింద ఉన్నాడు. కదలడు. కింద హాల్లో, నాన్న కుర్చీలో, పేపరు చదువుకుంటూ, పైన ఒక మనిషి కళ్ళు మూసుకుంటే కింద ఈయన కాళ్ళు చాపుకుని, ఫోను పక్కనే మోగుతుంటే. చంపేస్తాను. నిజంగా చంపేస్తాను, అమ్మకేమన్నా అయితే ఆ కుర్చీలోనే చంపేస్తాను, తర్వాత మీ కోర్టులోనే కేసు వేసుకోండి, శీర్షికలు మీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకోండి. ఆ చిన్న సిలిండరులో ఎంతుంది? కిందటి నెల వాడాక నింపించారా? నింపించమని తను చెప్పింది ఎవరికి? అందరికీ చెప్పింది. అందరికీ చెబితే ఎవరికీ చెప్పనట్టే, ఆ ఇంట్లో అందరూ అన్నది ఎవరి పేరూ కాదు. నోరారా ఏడుద్దామంటే కూడా చోటు లేదు, చేపల బుట్ట డొక్కలో గుచ్చుకుంటోంది. ఆ భారీ ఆవిడ తన ఫోను గోల అంతా విన్నది, వినక చస్తుందా, చెవి పక్కనే ఉంది. బుట్టని అటు జరుపుకుని మెల్లిగా అడిగింది.

“ఎవరికమ్మా బాగాలేదు?”

“మా అమ్మకి.”

“ఏ అమ్మకి? కన్న అమ్మకా?”

ఏ అమ్మకి. అరినోలా ఆవిడ మొహంలోకి చూసింది. దారిన పోయే మనిషి, పేరు తెలియదు, ఊరు తెలియదు, అయినా అడగాల్సింది అడిగింది. అరినోలా అవునని తల ఊపింది. అంతే, ఆవిడ లేచి, అంటే ఆ ఇరుకులో లేవగలిగినంత లేచి, డ్రైవరు భుజం మీద బుట్టతో ఒక్కటి పొడిచింది. “ఒరే, వినబడలేదా, కన్నతల్లిట! దిగి ఆ తలుపు బయటినుంచి తీయరా ముందు! నవ్వుతూ కూర్చున్నావు, మొద్దు మొహమా!” డ్రైవరు గొణుక్కుంటూ దిగాడు, తలుపు తీశాడు, రోడ్డు పక్క మోటారు సైకిలు వాణ్ణి వాడే చప్పట్లు కొట్టి పిలిచాడు. ఆమె డబ్బులు తీయబోతే పో పో అన్నాడు.

మోటారు సైకిలు వెనక కూర్చుని వాడి భుజం పట్టుకుంది, గాలి మొహాన కొడుతోంది. ఇంత గాలి. ఊరంతా ఇంత గాలి పడుంది, తుప్పు రేకుల కప్పుల మీద, మురిక్కాలవల మీద, మేకల మీద, ఎవరికీ అక్కర్లేని గాలి, అమ్మ ముక్కు దాకా వెళ్ళాలంటే మాత్రం తీగ కావాలి, బ్యాటరీ కావాలి, బ్రాకెట్ల మధ్య సరైన పేరు కావాలి. తను మూడని ఎందుకు రాసింది? పేర్లు రాయొచ్చు కదా. కావాలనే రాసింది, అవును. స్విచ్చుల గదిలోకి ఎవరొచ్చినా చూడాలని రాసింది. మీరే పెట్టారు ఈ నంబరు, ఇన్నేళ్ళు మీరే పిలిచారు, ఇప్పుడు చూసుకోండి, మూడో నంబరు ఒక్కటే ఆరదు అని రాసింది. అందులో తప్పేముంది? తప్పేం లేదు. ఒక్క మాటైనా వెనక్కి తీసుకోదు. దేవుడా, ఛాతీ కదలనీ. కదలనీ, తర్వాత అందరి సంగతీ చూస్తాను.

వాకిట్లోకి దూసుకొచ్చింది. హాల్లో నాన్న కుర్చీ ఖాళీ. పేపరు మడతపెట్టి ఉంది, దాని మీద ఆయన ఫోను. మెట్ల కింద గది తలుపు ఓరగా తెరిచి ఉంది, తోసింది. ఆకోవే గోడకి నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కుడి బొటనవేలితో ఒక ఎర్ర బటన్‌ని నొక్కి పట్టుకున్నాడు. అమర్చిన రోజు లైన్లు పరీక్షించడానికి ఆమే పెట్టిన బటను అది. నొక్కి ఉంచినంతసేపూ మూడో లైను వెలుగుతుంది, స్క్రిప్టు ఏమన్నా సరే. అది అక్కడుందని ఆమే మర్చిపోయింది.

“వచ్చావా,” అన్నాడు తల తిప్పకుండా. “వదిలేయనా?”

“వదలకు.”

“ఫోను మోగుతూనే ఉంది. ఎలా తీయను? వేలు తీస్తే పైన మిషను కీచుమంటోంది.”

పైనుంచి సన్నగా ఆ మిషను హోరు వినబడుతోంది. ఆగకుండా, ఏ మార్పూ లేకుండా. అరినోలా గోడ పట్టుకుంది. దారంతా మోసుకొచ్చిన తిట్లన్నీ ఒక్కసారే బయటికి వచ్చాయి. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొడుతూనే అరిచింది. “భేదాలు లేవా? ఎప్పటినుంచి లేవు? పొయ్యి దగ్గర లేవా, పొట్టేలు దగ్గర లేవా? క్యాలెండరులో ఆవిడ భుజమేదీ? ఇన్నాళ్ళూ లేని ప్రేమ ఇవాళ ఎందుకు, చుట్టాలు చూడటానికా? నువ్వు సరిచేసిన పేరు ఆవిడ పీక పిసికేది తెలుసా?”

ఆమె మూడో శీర్షిక మీద మళ్ళీ మూడు వేసి, స్క్రిప్టులోనూ వేసి, ఇప్పుడు వదులు అంది. ఆయన వేలు తీశాడు. హోరు ఆగలేదు. బొటనవేలు చివర తెల్లగా చచ్చినట్టుంది, మధ్యలో బటను గుండ్రంగా అచ్చుపడింది. దాన్ని చూసుకుంటూ అన్నాడు, “చుట్టాల కోసం కాదు. నిన్న వచ్చిన చిన్నాన్నకి ఈ కంప్యూటరు చూపిస్తుంటే తెర మీద ఆ మూడు కనబడింది. ఇదెవరు అని అడిగాడు. నాకు సిగ్గేసింది అరినోలా. నోటితో ఎప్పుడూ అనలేకపోయాను, ఇప్పుడు అనాలంటే నాలుక తిరగదు. రాయడం వచ్చు కదా అని రాశాను. ఆ మాట నాకిచ్చింది ఆవిడే, రాతగాడని.”

“రాతగాడివైతే చదివి రాయి,” అంది. కోపం ఏమీ తగ్గలేదు. తగ్గితే మోసపోయినట్టే అనిపించింది. మెట్లెక్కింది.

పెద్దమ్మ మంచం పక్క కుర్చీలో విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది. అమ్మ కళ్ళు తెరిచే ఉంది, ముక్కు కింద గొట్టం, ఛాతీ కదులుతోంది, కొద్దికొద్దిగా, కానీ కదులుతోంది. అరినోలా నేల మీద కూలబడి అమ్మ అరికాళ్ళు పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. ఏంటే ఆ అరుపులు కింద అని అమ్మ అడిగింది, ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. చెప్పింది, పళ్ళు కొరుకుతూ చెప్పింది, నీ ఆకోవే చేసిన ఘనకార్యం చూడు, నీ పేరు మార్చాడు, అందరికీ కలిపి ఒకటే పేరు పెట్టాడు అని.

“ఏం పెట్టాడు?”

“ఇయా వా అని.”

అమ్మ కళ్ళు ఇటు తిరిగాయి. “ఇయావో అనా?”

“కాదమ్మా. ఇయా వా.”

“చివర ఓ కాదా?”

“ఓ కాదు. ఆ.”

“ఆకోవేనే? వాడే రాశాడా? వాడి చేత్తో?”

అమ్మ మొహంలోకి వచ్చింది నవ్వేనని అరినోలాకి తెలియడానికి కొంచెంసేపు పట్టింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వయింది. పెద్దమ్మ ఉలిక్కిపడి లేచి వానొచ్చిందా అంది. అమ్మ చేయి చాపి కూతురి చెవి పట్టుకుంది, చిన్నప్పటిలాగా.

“తీసెయ్యకు దాన్ని.”

“అమ్మా, అదే నిన్ను చంపబోయింది!”

“తీసెయ్యకు అన్నానా.”

ఏం మనుషులు వీళ్ళు. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టునీ తొక్కి పగలగొట్టాలనిపించింది. ఇన్నేళ్ళ పొగకి, మెడ ఎముకలకి, క్యాలెండరు అంచుకి ఒక్క అక్షరం సరిపోయిందా ఈవిడకి? ఓ తీసి ఆ పెడితే సరిపోయిందా? సరిపోయింది. సరిపోకూడదు, కానీ సరిపోయింది, ఆ మొహం చూశాక ఏమనగలదు, ఎవరి మీద అరవగలదు. కంప్యూటరు ముందు కూర్చుంది. ఆకోవే ఇంకా అక్కడే ఉన్నాడు, బొటనవేలు నీళ్ళ గ్లాసులో ముంచుకుని. మూడు అన్న శీర్షిక చెరిపింది. అక్కడ ఇయా వా అని రాసింది. పైన మిగతా రెండు శీర్షికల మీదున్న ఇయా వాలు రెండూ చెరిపింది, ఒకదానికి ఒకటి వేసింది, ఇంకోదానికి రెండు వేసింది. స్క్రిప్టులోనూ అలాగే.

భుజం మీదుగా చూస్తున్న ఆయన ఊపిరి ఆగింది. “మా అమ్మకి... ఒకటా?”

“ఒక పేరు ఇద్దరికి పెడితే ఏమవుతుందో చూశావుగా.”

ఆయన గ్లాసులో వేలి వంక చూసుకున్నాడు.

అరినోలా కళ్ళు తుడుచుకుని, సరిచూడటానికి చేత్తో కొట్టి ఒకసారి అడిగింది, మన అమ్మ లైను ఎక్కడ ఆర్పాలి అని. మిషను ఫైల్లోకి వెళ్ళింది, ఒకటిని దాటింది, రెండుని దాటింది, ఇయా వా దగ్గర ఆగి, కిందికి దిగి, అక్కడున్నది చదివి తెర మీద పెట్టింది.

రారా.